పొల్యూషన్ పార్టులు, వ్యాక్యూమ్ పైపులు విప్పి, పరీక్షించి, మళ్లీ బిగించడం ఎలా?

కారు సిగ్నల్ దగ్గర వణుకుతోందనో, ఏసీ వేస్తే ఆగిపోతోందనో షెడ్డుకు తీసుకెళ్తే తరచూ వినిపించే సలహా ఒకటుంది: "ఈ పొల్యూషన్ సామానంతా పీకేసి బ్లాంక్ చేసేద్దాం సార్, పికప్ అదిరిపోతుంది." పొల్యూషన్ సామాను అంటే కాలుష్యం తగ్గించడానికి కంపెనీ పెట్టిన ఈజీఆర్, పీసీవీ వాల్వులు, చార్‌కోల్ క్యానిస్టర్ లాంటివి. ఆ సామాను విప్పాల్సిన మాట నిజమే. పదేళ్లు దాటిన పెట్రోల్ కారులో ఒకసారి విప్పి చూడటం మంచిది కూడా. అయితే విప్పింది పారేయడానికి కాదు, ఎక్కడ చీలికలోంచి బయటి గాలి లాగుతోందో చూసి సరిచేసి మళ్లీ పెట్టడానికి. చాలాసార్లు పాడయ్యేది ఆ పార్టు కాదు, దాన్ని ఇంజిన్‌కు కలిపే రబ్బరు పైపు. ఇంజిన్ గాలి పీల్చే బలాన్ని, అంటే వ్యాక్యూమ్‌ను, ఆ పార్టులకు అందించేది ఈ పైపులే. మీటరు వంద రూపాయలకు అటూఇటూగా దొరికే పైపు పగిలినందుకు వేల రూపాయల పార్టులు మార్చినవాళ్లు, ఉన్నవాటిని తీసి పారేసినవాళ్లు ఎంతోమంది.

ఇక్కడ చెప్పేది 2000 తర్వాత వచ్చిన మామూలు పెట్రోల్ ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ అందే) కార్ల గురించి. డీజిల్ కార్లలో వ్యాక్యూమ్ ఇచ్చే పంపు వేరుగా ఉంటుంది, ఈజీఆర్ పనిచేసే తీరు కూడా వేరు. వాటికి ఇదే పద్ధతి వాడొద్దు.

పీకేస్తే పికప్ పెరుగుతుందా?

ఈజీఆర్ వాల్వ్ కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపుతుంది. దాంతో లోపల మండే వేడి తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి. పెట్రోల్ ఇంజిన్‌లో ఇది ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడిచేటప్పుడు, మూసుకుని ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడూ మూసుకునే ఉంటుంది. అంటే లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు అది అసలు పనిలోనే లేదు. పనిలో లేనిదాన్ని పీకితే పికప్ ఎక్కణ్నుంచి వస్తుంది? పైగా మధ్యస్థ వేగంలో ఈజీఆర్ ఉంటుందన్న లెక్కతోనే కంపెనీ స్పార్క్ టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ కొట్టే సమయం) పెడుతుంది. అది లేకపోతే ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటకమని నాక్ కొట్టే ప్రమాదం ఉంది. ఇంకోమాట, చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి ఈజీఆరే ఉండదు. లేనిదాన్ని వెతుక్కోవద్దు.

చట్టం సంగతీ తెలిసుండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కాలుష్య ప్రమాణాలు దాటిన బండి నడిపితే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది. అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకు ఇది ఇంకా కఠినం. అక్కడి స్మాగ్ చెక్‌లో సైలెన్సర్ పొగ శుభ్రంగా వచ్చినా, బానెట్ కింద ఉండాల్సిన పార్టు లేకపోతే ఫెయిలే.

ముందు సామాను

10, 12 పానాలు, నోస్ ప్లయర్, బ్లేడు, మాస్కింగ్ టేపు, పెన్ను, ఫోను కెమెరా. వీటితో పని మొదలవుతుంది. వ్యాక్యూమ్ గేజి ఒకటి కొనుక్కుంటే డబ్బు వృథా కాదు. చేత్తో నొక్కే వ్యాక్యూమ్ పంపు ఉంటే ఇంకా మంచిది, గేజి దానిమీదే ఉంటుంది. కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే చవక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కూడా పనికొస్తుంది. కాకపోతే మన దేశంలో 2010కి ముందు కార్లలో చాలావాటికి అది కనెక్ట్ కాదు.

పైపుల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు, తొందర అసలే వద్దు. ఎర్రగా, నీలంగా మెరిసే సిలికాన్ పైపులు చూడ్డానికి బాగుంటాయి. వేడికీ తట్టుకుంటాయి. కానీ పెట్రోల్ ఆవిరి, ఇంజిన్ ఆయిల్ తగిలే చోట సిలికాన్ పనికిరాదు. ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది, పెట్రోల్ ఆవిరి దాని గోడలోంచే బయటికి వెళ్లిపోతుంది. కాబట్టి గాలి మాత్రమే నడిచే సన్న పైపులకు సిలికాన్ వాడుకోండి. పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిర్లు పంపే వాల్వ్) పైపుకూ, చార్‌కోల్ క్యానిస్టర్ (పెట్రోల్ ఆవిరి పట్టే బొగ్గు డబ్బా) పైపులకూ ఫ్యూయల్ హోస్, అంటే పెట్రోల్‌కు తట్టుకునే పైపు, కావాలి. మంచి రకం పైపు మీద ఎస్‌ఏఈ 30ఆర్7 అని అచ్చు ఉంటుంది, అడిగి చూసి తీసుకోండి. బ్రేక్ బూస్టర్ (వ్యాక్యూమ్‌తో పెడల్ బలాన్ని పెంచే డబ్బా) పైపు మాత్రం ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చేదే వేయాలి. మామూలు పైపు వేస్తే వ్యాక్యూమ్‌కు లోపలికి చప్పిడిబడి అతుక్కుపోతుంది, బ్రేకు రాయిలా గట్టిపడుతుంది.

హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణీగంజ్ వైపు, విజయవాడలో ఆటోనగర్‌లో పైపు మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. పాత ముక్క చేతిలో పట్టుకెళ్లండి. కావాల్సింది పైపు లోపలి సైజు, బయటి లావు కాదు. సాధారణంగా 3, 4, 6, 8 మిల్లీమీటర్ల సైజులు కనబడతాయి. పాత పైపు చివర సాగి ఉంటుంది కాబట్టి కొలత మధ్యలో కోసి తీసుకోండి.

విప్పకముందే చేయాల్సిన పరీక్షలు

ఈ మెట్టు దాటేసి నేరుగా పానా పట్టుకుంటే తర్వాత ఏది బాగుపడిందో, ఏది మీరే పాడుచేశారో తేలదు.

ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, ఏసీ, లైట్లు ఆపేయండి. త్రాటిల్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపుచేసే తలుపు) దాటిన తర్వాత మానిఫోల్డ్ (ఆ గాలిని సిలిండర్లకు పంచే గొట్టాలు) నుంచి వచ్చే ఏదైనా సన్న పైపు మధ్యలో టీ జాయింట్ పెట్టి గేజి తగిలించండి. సముద్రమట్టం దగ్గర, అంటే విశాఖలోనో మచిలీపట్నంలోనో, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) వరకు చూపిస్తుంది. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకూ ఒక అంగుళం తగ్గుతుంది. హైదరాబాద్ సుమారు 1,800 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి అదే కారు ఇక్కడ దాదాపు రెండు అంగుళాలు తక్కువ చూపించినా కంగారు పడక్కర్లేదు. ఇంటర్నెట్‌లో చూసిన అంకె రాలేదని ఇంజిన్ విప్పించొద్దు.

అంకె కంటే ముల్లు కదలికను గమనించండి. ముల్లు కదలకుండా తక్కువలో నిలబడితే గాలి లాగుతుండొచ్చు, టైమింగ్ వెనకబడి ఉండొచ్చు. క్రమం తప్పకుండా ఒకే లయలో టపటపా పడిలేస్తుంటే అది పైపు సంగతి కాదు, ఇంజిన్ వాల్వుల్లో ఏదో తేడా ఉంది. ఆ పని వేరే, ఆ ఖర్చూ వేరే.

ఇప్పుడు చెవికి పని. అర మీటరు రబ్బరు పైపు తీసుకుని ఒక చివర చెవి దగ్గర పెట్టుకోండి, రెండో చివరను ప్రతి జాయింట్ దగ్గరికీ నెమ్మదిగా తిప్పండి. చీలిక ఉన్నచోట సన్నగా "స్‌స్‌స్" మని వినిపిస్తుంది. ఫ్యాను, బెల్టుల దగ్గర మాత్రం జాగ్రత్త. చున్నీ, మెడలో గొలుసు, పొడుగు చేతుల చొక్కా ఏదీ ఉండకూడదు. రేడియేటర్ ఫ్యాను ఇంజిన్ ఆపాక కూడా దానంతటదే తిరగొచ్చు.

తర్వాత సన్న పైపులను ఒక్కొక్కటిగా నోస్ ప్లయర్‌తో, మధ్యలో గుడ్డముక్క పెట్టి నొక్కి పట్టుకోండి. ఏ పైపు నొక్కినప్పుడు ఇంజిన్ మోత ఒక్కసారిగా మారిందో దాని అవతలి వైపు వెతకాలి. కొందరు కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి ఆర్‌పీఎం మారుతుందేమో చూస్తారు. వేడి సైలెన్సర్ పక్కన అది భగ్గుమనే వస్తువు. నా మాట వింటే ఇంట్లో అది చేయొద్దు. అంతగా దొరక్కపోతే స్మోక్ టెస్ట్ మెషీన్ ఉన్న షెడ్డుకు వెళ్లండి, చీలిక ఉన్నచోట పొగ కంటికే కనిపిస్తుంది.

స్కానర్ కనెక్ట్ అయితే ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె, చూడండి. ఐడ్లింగ్‌లో ప్లస్ పదిహేను, ఇరవై శాతం ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు దిగిందంటే ఎక్కడో గాలి లాగుతోందని దాదాపు ఖాయం. ఇక తప్పుల కోడ్‌లు: పీ0171 అంటే మిశ్రమంలో పెట్రోల్ పలచబడిందని, పీ0401 అంటే ఈజీఆర్‌లో పొగ సరిగా నడవడం లేదని, పీ0441 అంటే క్యానిస్టర్ పర్జ్ (దానిలోని ఆవిరిని ఇంజిన్‌కు వదలడం) తేడాగా ఉందని. కోడ్ వచ్చిన పార్టును వెంటనే మార్చేయడం కాదు, దానికి వెళ్లే పైపు ముందు చూడాలి.

గుర్తులు పెట్టుకుని విప్పడం

ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పైనుంచి, రెండు పక్కలనుంచి ఫొటోలు తీయండి. తర్వాత ప్రతి పైపుకూ రెండు చివరలా, అది ఎక్కే నాజిల్‌కూ ఒకే నంబరు రాసిన టేపు ముక్క అంటించండి. ఒక కాగితం మీద గీతలతో బొమ్మ గీసుకోండి: మానిఫోల్డ్ నుంచి ఎక్కడికి, మధ్యలో ఏ టీ, ఏ సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్), ఏ వైపు బాణం. ఫొటో ఉంది కదా అని బొమ్మ మానేస్తారు చాలామంది. పైపు కింద పైపు దాక్కున్న చోట ఫొటో ఏమీ చెప్పదు.

అన్నీ ఒకేసారి విప్పి టబ్బులో వేయొద్దు. ఒక పైపు తీయండి, చూడండి, కొత్తది వేయండి, అప్పుడు ఇంకోటి. కిందనున్న బ్రాకెట్ కోసం నాలుగైదు కలిపి తీయాల్సి వస్తేనే మినహాయింపు.

పాత పైపును ఎప్పుడూ సూటిగా లాగొద్దు. ముందు పట్టుకుని అటూఇటూ తిప్పండి, అతుకు వదిలాక లాగండి. వదలకపోతే చివర దగ్గర బ్లేడుతో నిలువునా చిన్న గాటు పెట్టి ఒలిచేయండి. ఎలాగూ పారేసే పైపే కదా. ప్లాస్టిక్ నాజిల్‌ను స్క్రూడ్రైవర్‌తో తన్నితే అది విరిగి మానిఫోల్డ్‌లోనో సోలెనాయిడ్‌లోనో ఉండిపోతుంది, అక్కణ్నుంచి వేలల్లో ఖర్చు. బ్లేడు గాటు నాజిల్ మీద పడినా సన్నగా గాలి లాగుతుంది కాబట్టి చేయి తేలిగ్గా ఆడించండి.

తీసిన పైపును గుండ్రంగా మడిచి వెలుతురులో చూడండి. బయటికి నున్నగా కనిపించే పైపు వంచితే మడత దగ్గర సన్న వెంట్రుకల్లాంటి పగుళ్లు తెరుచుకుంటాయి. చివర గోరుతో నొక్కితే గుంత పడి మళ్లీ లేవాలి. గుంత పడకుండా టక్కుమంటే రబ్బరు ఎండిపోయింది. జిడ్డుగా, మెత్తగా సాగుతుంటే ఆయిల్ తాగింది. రెండూ పారేయాల్సినవే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నెలల తరబడి కదలకుండా ఉన్న కారైతే ఎలుక పళ్ల గాట్లు కూడా చూడండి, సగం సమస్యలకు మూలం అదే.

ఒక్కో పార్టును ఎలా చూడాలి

పీసీవీ వాల్వ్ అన్నిటికంటే చవక, అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యం చేసేది. సాధారణంగా ఇంజిన్ పై కవరులో గుచ్చి ఉంటుంది. లోపల చేరిన ఆవిర్లను మానిఫోల్డ్‌లోకి పంపి కాల్చేయడం దాని పని. బయటికి తీసి చెవి దగ్గర ఊపితే లోపల గుండు టకటకలాడాలి. ఇంజిన్ వైపు నుంచి ఊదితే గాలి వెళ్లాలి, మానిఫోల్డ్ వైపు నుంచి ఊదితే ఆగాలి. ఊదే ముందు ఆయిల్ తుడవండి, నోటితో కాకుండా పైపు తగిలించి ఊదండి. మసితో పట్టేసిన పీసీవీ వల్ల లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు కారడం మొదలవుతుంది. "సీలు పోయింది" అని వేల రూపాయలు పెట్టి సీలు మార్చిస్తారు, నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. సీలు మార్చేముందు దీన్ని చూడమని మెకానిక్‌కు చెప్పండి.

చార్‌కోల్ క్యానిస్టర్ నల్లటి డబ్బా. కొన్ని కార్లలో బానెట్ కింద, కొన్నిటిలో ట్యాంకు దగ్గర ఉంటుంది. ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని బొగ్గులో పట్టి ఉంచి, ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ సోలెనాయిడ్ ద్వారా వదులుతుంది. సోలెనాయిడ్‌ను విప్పి, కరెంటు లేకుండా ఊదితే గాలి పోకూడదు. బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇస్తే టక్కుమని తెరుచుకుని గాలి పోవాలి. ఈ పరీక్ష పెట్రోల్ ఆవిరికి దూరంగా, కారు పక్కన కాకుండా బల్ల మీద చేయండి, నిప్పురవ్వ పుడుతుంది. ఇక క్యానిస్టర్ నుంచి వచ్చే పైపును తెల్ల గుడ్డ మీద దులపండి. నల్లటి బొగ్గు రవ్వలు పడ్డాయంటే డబ్బా లోపల పగిలింది, మార్చాలి. పచ్చి పెట్రోల్ కారిందంటే తప్పు డబ్బాది కాదు. బంకులో నాజిల్ ఆగిపోయాక కూడా "రౌండ్ ఫిగర్ చేయి" అని పట్టించుకునే అలవాటుది. ఆ మిగులు పెట్రోలే క్యానిస్టర్‌లోకి దిగుతుంది.

ఈజీఆర్ ఉంటే, విప్పడానికి ముందురోజే బోల్టులకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా బోల్టు తిప్పితే విరిగే ప్రమాదం తక్కువ. వ్యాక్యూమ్‌తో పనిచేసే పాత రకం ఈజీఆర్ అయితే, విప్పకముందే ఒక మంచి పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా హ్యాండ్ పంపుతో దాని డయాఫ్రమ్‌కు (వాల్వ్‌ను కదిపే పలచటి పొర) వ్యాక్యూమ్ ఇవ్వండి. వాల్వ్ తెరుచుకుని ఇంజిన్ తడబడాలి, ఆగిపోయినా సరే. గేజి ముల్లు నిలబడి ఉండీ ఇంజిన్‌లో ఏ మార్పూ లేకపోతే దారి మసితో మూసుకుపోయింది. ముల్లు జారిపోతుంటే డయాఫ్రమ్ చిరిగింది. మసి పట్టిందైతే విప్పి, చెక్క పుల్లతోనో నైలాన్ బ్రష్‌తోనో గోకి, క్లీనర్‌తో కడగండి. క్లీనర్ డయాఫ్రమ్ మీదా, కరెంటు రకమైతే దాని మోటారు మీదా పడకూడదు. రాలిన మసి మానిఫోల్డ్‌లోకి పోకుండా ఆ కన్నంలో గుడ్డ కుక్కండి, బిగించేటప్పుడు తీయడం మరవొద్దు. గ్యాస్కెట్ కొత్తదే వేయాలి, పాతదానికి సీలెంట్ పూసి సర్దుకునే పని కాదు.

బ్రేక్ బూస్టర్ పైపు కాలుష్యానికి సంబంధించింది కాదు గానీ అదే మానిఫోల్డ్ నుంచి వస్తుంది కాబట్టి దీన్నీ చూడాల్సిందే. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. తొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే పైపు, దానిలోని చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది) చూడాలి. చెక్ వాల్వ్ మీద బాణం ఇంజిన్ వైపు చూపించాలి. ఇక్కడ టేపు చుట్టడం, అతుకు వేయడం లాంటివి ఏవీ పనికిరావు.

క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే డబ్బా), ఆక్సిజన్ సెన్సర్ జోలికి ఈ పనిలో వెళ్లక్కర్లేదు. కన్వర్టర్ "ఖాళీ చేసి" ఇస్తామనేవాళ్లకు దూరంగా ఉండండి. దానిలోని ప్లాటినం, పలాడియం, రోడియంకు బయట మంచి ధర పలుకుతుంది. మీ కారు తేలిక కావడం కంటే వాళ్ల జేబు బరువెక్కడమే అక్కడ జరిగేది.

తిరిగి బిగించడం

కొత్త పైపును పాతదాని పొడవుకే కోయండి. పొడుగైతే మడతపడుతుంది, పొట్టిదైతే ఇంజిన్ కదిలినప్పుడు ఊడిపోతుంది. చివర నిటారుగా కోయాలి, ఏటవాలుగా కాదు. ఎక్కకపోతే చివరను వేడినీళ్లలో కాసేపు ముంచండి. గ్రీజు, ఆయిల్ పూయొద్దు. అది లోపలికి పోతే మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ తప్పుడు లెక్కలు చెప్తుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు పైపు తగలకుండా పాత క్లిప్పుల్లోనే నడిపించండి. ప్రతి క్లిప్పూ మొదట ఉన్నచోటే ఉండాలి, కంపెనీవాళ్లు ఊరికే పెట్టలేదు. ప్లాస్టిక్ నాజిళ్ల మీద స్క్రూ క్లిప్పు బిగిస్తే నాజిల్ నలుగుతుంది, స్ప్రింగ్ క్లిప్పు వాడండి.

బ్యాటరీ కలిపి స్టార్ట్ చేశాక మొదట్లో ఐడ్లింగ్ కాస్త అటూఇటూ ఊగొచ్చు. కంప్యూటర్ పాత లెక్కలు మరిచిపోయింది కాబట్టి కొన్ని కిలోమీటర్లు నడిచేదాకా టెన్షన్ పడొద్దు. తర్వాత గేజి మళ్లీ పెట్టి మొదటి అంకెతో పోల్చండి. స్కానర్ ఉంటే ఫ్యూయల్ ట్రిమ్ రెండు వైపులా పది శాతం లోపు ఉండాలి. వంద కిలోమీటర్లు నడిపాక క్లిప్పులు ఇంకోసారి చేత్తో కదిపి చూడండి.

అప్పుడు పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే పీయూసీ సెంటర్‌కు వెళ్లండి. బీఎస్4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణాల) పెట్రోల్ కారుకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. అంతకుముందు బీఎస్2, బీఎస్3 కార్లకు 0.5 శాతం, 750 పీపీఎం. గొట్టం సైలెన్సర్‌లో పూర్తిగా పెట్టించి, తెర మీద అంకెలు మీరే చూడండి. ఇంజిన్ వేడెక్కకుండా టెస్టుకు నిలబడితే మంచి కారు కూడా ఫెయిల్ కావొచ్చు కాబట్టి ఇంటి పక్క సెంటరైనా కాసేపు తిప్పి తీసుకెళ్లండి.